పద్దెనిమిదో గీత

మేత చల్లగానే చేపలన్నీ పైకి వచ్చాయి, ఒక్కటి తప్ప. అది రాకూడదనే ఆయన చూస్తున్నాడు.

ముక్కాలిపీట మీద కూర్చుని, మెడ ముందుకు చాచి, అద్దానికి జానెడు దూరంలో ముఖం పెట్టాడు. పదకొండు పసుపు చేపలు నీటి పైన ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పన్నెండోది అడుగున, రెండు రాళ్ళ సందులో, తోక మాత్రం ఆడిస్తూ నిలబడి ఉంది. మేత పలుకొకటి దాని ముక్కు ముందు నుంచి జారి ఇసుకలో పడింది. చేప కన్ను తిప్పి చూసింది. నోరు తెరవలేదు.

దాని గొంతు కింద చర్మం సంచిలా వేలాడుతోంది. వీపు మాత్రం కత్తి వాదరలా సన్నబడింది. మధ్యమధ్య ఏదో నములుతున్నట్టు దవడ కదుపుతుంది. నమలడం కాదది. లోపలున్నవాటిని అటూ ఇటూ తిప్పడం. ఈ జాతి చేపలు గుడ్లను నోట్లో పెట్టుకునే పొదుగుతాయి. పిల్లలై ఈదేదాకా నోట్లోనే మోస్తాయి. ఆ మూడు వారాలూ తల్లి మేత ముట్టదు. పొద్దుటి వెలుతురు పక్క నుంచి పడుతోంది. పలచబడ్డ గొంతు చర్మంలోంచి నల్లటి చుక్కలు జతలు జతలుగా కనిపించాయి. కళ్ళు. ఆయన లెక్కపెట్టబోయి, మధ్యలో తప్పి, మానేశాడు. పదో పదిహేనో ఉంటాయి.

ఈ చేపకిది మూడోసారి. మొదటిసారి అయిదో రోజున ఎవరో తలుపు దడాలున వేస్తే మింగేసింది. రెండోసారి ఎనిమిదో రోజున మింగింది. ఎందుకో తెలియదు. ఆకలేమో.

జేబులోంచి మైనపు పెన్సిలు తీసి, అద్దం మూల ఉన్న పదిహేడు ఎర్రగీతల పక్కన ఇంకొకటి గీశాడు. గాజు మీద రాసే పెన్సిలది. పద్నాలుగేళ్ళప్పుడు గాజు కోసే కొట్లో చేరాడు. నలభై ఏళ్ళు కిటికీలకు, బీరువాలకు, పటాలకు అద్దాలు కోశాడు. ఎడమచేతి చూపుడువేలు చివరి కణుపు అక్కడే పోయింది. మిగిలిపోయిన ముక్కలు అతికించి చేపల తొట్టెలు చేయడం అక్కడే పట్టుబడింది. కొట్టు మూతపడ్డాక ఇళ్ళకు వెళ్ళి తొట్టెలు కడగడం పనైంది. ఆ పెన్సిలు ఒక్కటే కొట్టు నుంచి తెచ్చుకున్నాడు. అంగుళం మిగిలింది.

ఒకప్పుడు వెనకగదిలో ఏడు తొట్టెలుండేవి. నోట్లో పిల్లలున్న తల్లిని వేరు చేయడానికి ఒకటి, దాని నోట్లోంచి దులిపిన పిల్లలకు ఒకటి. బకెట్లు మోసే ఓపిక తగ్గిన కొద్దీ ఒక్కొక్కటే వదిలించుకున్నాడు. ఇప్పుడు ముందుగదిలో ఇదొక్కటే.

పక్కనే కిటికీ గట్టు మీద పెద్ద గాజుసీసా ఉంది, పిప్పరమెంటు బిళ్ళల కొట్లో మూత పగిలితే పారేసింది. రాత్రి దాన్ని ఉప్పూ సున్నం వాడకుండా కడిగి పెట్టుకున్నాడు. తొట్టెలోని నీళ్ళతోనే సగం నింపి, ఒక రాయి వేసి, గాలిగొట్టం దించాడు. బుడగలు సన్నగా, వరసగా పైకి వచ్చాయి. సాయంత్రం తల్లి నోట్లోంచి పిల్లల్ని దులిపే పనంతా ఇందులోనే; తొట్టెలో వదిలితే మిగతా చేపలు మింగేస్తాయి.

ఆ పనికి వల పనికిరాదు. వల తగిలితే తల్లి బెదిరి కక్కేస్తుంది, లేకపోతే మింగేస్తుంది. గది చీకటి చేయాలి. మగ్గు ముంచి, చేపను నీళ్ళతో సహా ఎత్తాలి. తడిచేత్తో పట్టుకుని, సీసా నీళ్ళలో తలకిందుగా పెట్టి, కోడి ఈక కాడతో కింది దవడ కొంచెం దించాలి. పిల్లలు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. గోరు తగిలితే చేప పెదవి చీరుకుపోతుంది. ఆయనకు గోరులేని వేలుంది. కోసుకుపోయిన వేలు జీవితంలో అక్కరకొచ్చింది ఈ ఒక్క పనికే.

ఇదంతా ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

"పళ్ళెంలో పెట్టాను బావగారూ," అంది మరదలు, తమ్ముడి భార్య, వంటింటి గుమ్మంలోంచి.

"ఆకలి లేదమ్మా."

"నిన్నా లేదు, మొన్నా లేదు. ఏ హోటల్లో ఖాతా పెట్టారో చెబితే నేనూ వచ్చి తింటాను. నాకూ ఈ వంట తప్పుతుంది."

తమ్ముడు బూట్లు వేసుకుంటూ తల ఎత్తలేదు. "ఊరుకోవే. అన్నయ్య సంగతి తెలీనిదా నీకు? ఆకలైతే తనే వస్తాడు."

 ఆమె పోతూ పోతూ అద్దం మూల గీతల వంక చూసింది.

ఆ గీతలు మొదలైన రోజే ఆమె ఒక మాట అంది. అన్నంలో ఉప్పు సరిపోయిందా అని మూడుసార్లు అడిగితే ఆయన తలైనా ఊపలేదు. "నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా? నోరున్న మనిషికి వండచ్చు, నోరులేని పశువుకి పెట్టచ్చు. ఉండీ లేనివాళ్ళకి చాకిరీ చెయ్యడం నావల్ల కాదు," అంది. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మర్నాటి నుంచి పళ్ళెం దగ్గర కూర్చోవడం మానేశాడు. అలిగాడని ఆమె అనుకుంది. తమ్ముడూ అదే అనుకున్నాడు. వీధిలో కూడా ఆ మాటే అయింది.

ఆయన అలగలేదు. ఆ రోజు తల ఊపకపోవడానికి కారణం, ముద్ద గొంతులో ఆగిపోయి ఉండడం. ఎవరో గులకరాయి పెట్టి మరిచిపోయినట్టు గొంతులో అప్పటికే ఏదో ఉంది. నెల కిందట పెద్దాసుపత్రికి ఒక్కడే వెళ్ళాడు. డాక్టరు దీపం పెట్టి చూసి, ఇంకో డాక్టరును పిలిచాడు. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకుని ఒక కాగితం రాసిచ్చారు. "ఇంట్లోవాళ్ళని ఎవరినైనా వెంటబెట్టుకు రా, ఆలస్యం చెయ్యకు," అన్నారు. అప్పుడే తెలిసింది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మేతడబ్బా అడుగున దాచాడు.

చెబుదామనే అనుకున్నాడు. అంతలో ఈ చేప నోట గుడ్లు పట్టింది. చెబితే ఆసుపత్రిలో పడేస్తారు. ఈకకాడ ఎవరు పడతారు? ఇవి బయటపడనీ, ఆ రాత్రే తమ్ముడికి చెబుదాం అని పెట్టుకున్నాడు. అది సాకని ఆయనకూ తెలుసు. అయినా మనిషికి ఏదో ఒక తేదీ ఉండాలి. ఆ తేదీ ఇవాళే.

రొట్టెముక్క పాలలో నానబెట్టి, వంటింటికి వీపు పెట్టి, మెడ ఒక పక్కకు వంచి చెంచాడు చెంచాడుగా దించుకున్నాడు. నాలుగు చెంచాలకు చెమట పట్టింది. చాలనుకున్నాడు.

*

సైకిలు ఎక్కడం మానేసి చాన్నాళ్ళైంది. బకెట్టు, గొట్టం, స్పాంజి హ్యాండిలుకు తగిలించి నడిపించుకుంటూ వెళ్తాడు.

మొదట పళ్ళడాక్టరు ఆసుపత్రి. కుర్చీల ఎదురుగా తొట్టె ఉంటుంది. బుగ్గ వాచినవాళ్ళు తమ వంతు వచ్చేదాకా చేపల్ని చూస్తూ కూర్చుంటారు. ఆయన గొట్టాన్ని బకెట్లో ముంచి, నీళ్ళతో నింపి, రెండు కొనలూ బొటనవేళ్ళతో మూసి, ఒక కొన తొట్టెలో పెట్టాడు. మురికినీళ్ళు జరజర కిందికి దిగాయి. ఇదివరకు నోటితో ఒక్క లాగు లాగేవాడు. ఇప్పుడు గొంతు సాగదు.

డాక్టరు కుర్రవాడు. ఇద్దరు రోగుల మధ్య చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏం పెద్దాయనా, సగమైపోయావు. పళ్ళు గానీ నొప్పా?"

"నొప్పెట్టడానికి ఉండాలి కదండీ."

"ఉన్న నాలుగూ చూపించు. రా, కుర్చీలో కూర్చో. డబ్బులొద్దులే."

"రేపొస్తాను."

"నువ్వు రావు. చేపల్ని చూసి చూసి నువ్వూ వాటిలాగే తయారయ్యావు. నోరు తెరుస్తావు, మాట రాదు."

కుర్చీల్లో ఉన్నవాళ్ళు నవ్వారు. బుగ్గ పట్టుకునున్న ఒకామె నవ్వబోయి అబ్బా అంది. ఆయన కూడా నవ్వాడు. డాక్టరు లోపలికి వెళ్ళేముందు ఒక క్షణం ఆయన మెడ వంక చూశాడు. పైగుడ్డ సర్దుకుని ఆయన వంగి ఇసుక కడగసాగాడు.

తరువాత లాడ్జి. పదిహేనేళ్ళ నుంచి ప్రతి వారం కడుగుతున్న తొట్టె. వెళ్ళేసరికి అది ఖాళీగా, మెట్ల కింద, నోరు గోడకు తిప్పి ఉంది. ఆయన చేసిన తొట్టే అది. మూలల్లో అతుకు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

"చేపలేవి?" అన్నాడు.

బల్ల దగ్గరి గుమాస్తా తాళాలు సర్దుకుంటున్నాడు. "ఓనరుగారు ఎవరికో ఇచ్చేశారు. అక్కడ టీవీ పెడతారట. అందులో చేపల వీడియో రోజంతా తిరుగుతుందట. సముద్రం చేపలు, ఇంతింత. మేతక్కర్లేదు, కడగక్కర్లేదు."

"చావవు కూడా," అన్నాడాయన.

"అదీ నిజమే," అన్నాడు గుమాస్తా, మెచ్చుకుంటున్నట్టు. "నీకు కబురు పెడదామనే అనుకున్నా. మరిచిపోయా. ఏమనుకోకు."

ఏమనుకోలేదు. బకెట్టు మళ్ళీ హ్యాండిలుకు తగిలించాడు. పదిహేనేళ్ళ పని ఊడినందుకు బాధపడాల్సింది. తీరిక దొరికిందే అనిపించింది. పొద్దు వాలకముందే ఇల్లు చేరొచ్చు. గదిని చీకటి చేయడానికి ఓ దుప్పటి కావాలి. మరదల్ని అడగాలి. అడగడానికి ఏ మాటతో మొదలుపెట్టాలో దారిపొడుగునా ఆలోచించాడు.

తన పెళ్ళిమాట వచ్చినప్పుడు తమ్ముడి చదువు అయ్యాక అన్నాడు. చదువయ్యాక తమ్ముడికి ఉద్యోగం రావాలన్నాడు. ఉద్యోగం వచ్చాక తమ్ముడి పెళ్ళి కానీ అన్నాడు. ఆ తరువాత ఎవరూ అడగలేదు. తమ్ముడి భార్య ఈ గుమ్మంలోకి వచ్చి పాతికేళ్ళైంది. ఈ పాతికేళ్ళలో ఆమెతో ఆడిన మాటలన్నీ కలిపినా ఒక పూట కబుర్లకు రావు. చేపల సంగతి మొదలుపెడితే ఆమె వింటుందేమో కూడా ఆయనకు తెలియదు. ఎన్నడూ మొదలుపెట్టి చూడలేదు.

*

మరదలు గుమ్మంలోనే నిలబడి ఉంది. పద్దెనిమిది రోజుల తరువాత మొదటిసారి ఆమె ముఖంలో నవ్వుంది.

"రండి బావగారూ, రండి. మీరు చెయ్యని వైద్యం నేను చేశాను."

ఆయన బకెట్టు కింద పెట్టాడు. తొట్టె తళతళలాడుతోంది. రాళ్ళన్నీ ఎవరో పుస్తకాలు సర్దినట్టు ఒక పక్కకు పేర్చి ఉన్నాయి. చేపలు పన్నెండూ పైనే తిరుగుతున్నాయి. పన్నెండూ.

"పొద్దున మీరు వెళ్ళాక చూశాను. అదొక్కటే మేత ముట్టుకోవట్లేదు. గొంతు చూస్తే ఇంత వాచిపోయుంది. నాకు భయమేసి పక్కింటావిణ్ణి పిలిచా. గొంతువాపుకి ఉప్పునీళ్ళని మించిన మందు లేదు, మనుషులకైనా అంతేగా, అందావిడ. నిజమే కదా. మీ వలతోనే పట్టాను. ఎంత పరుగెత్తించిందో. నాకు నడుం పట్టేసింది."

ఆయన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"బకెట్లో ఉప్పు కలిపి దాన్ని వేశానో లేదో, భళ్ళున కక్కింది బావగారూ. పురుగులు. పదిహేను దాకా ఉంటాయి. కళ్ళేసుకుని, తోకలేసుకుని, ఛీ, ఈదుతున్నాయి కూడా. అన్ని పురుగుల్ని గొంతులో పెట్టుకుని అదెలా తింటుంది చెప్పండి, నోరులేని జీవం?"

"అవేం చేశావమ్మా?"

"ఏం చేస్తాను, దొడ్లో తూములో పోసేశా. మళ్ళీ పాకి వస్తాయేమోనని ఫినాయిలు కూడా కొట్టాను." ఆమె మేతడబ్బా తీసి, రెండు వేళ్ళతో చిటికెడు చల్లింది. "ఇప్పుడు చూడండి."

చేప పైకి వచ్చింది. గొంతు చదునుగా ఉంది. నోరు తెరిచి పలుకు అందుకుంది. ఇంకొకటి అందుకుంది. పద్దెనిమిది రోజుల ఆకలి. పక్క చేపల్ని తోసేస్తోంది.

"చూశారా," అంది మరదలు. గొంతు తగ్గించింది. "ఆ గీతలు కూడా బ్లేడుతో గీకేశాను. నాకు తెలీదనుకున్నారా? నేనా మాట అన్న రోజు నుంచీ రోజులు గుర్తేసుకుంటున్నారు. పొద్దున్నే లేచి అవి చూస్తే నాకెలా ఉంటుందో మీరు అనుకోలేదు. సరే, నోరు జారాను. పెద్దవారు, మీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. ఆ చేప కూడా తిన్నది. మీరు తినరా?"

ఫినాయిలుకు ఆమె వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఆయన ఆ వేళ్ళ వంకే చూశాడు. చెప్పాలంటే గీతల సంగతి చెప్పాలి. అది చెబితే తూములో పోసినవేమిటో చెప్పాలి. వాటి సంగతి చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో చెప్పాలి. ఏ కొస పట్టుకుని లాగినా అన్నీ ఊడిపడతాయి. లాగడానికి గొంతు లేదు.

"మంచి పని చేశావమ్మా," అన్నాడు. "పెట్టు."

ఆమె కళ్ళు తుడుచుకుని గబగబా వంటింట్లోకి వెళ్ళింది. వేడిగా వడ్డించింది. ఎదురుగా కూర్చుంది. ఆయన ముద్ద కలిపాడు. మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారమేమో అని ఆమె నీళ్ళు అందించింది. రెండోది మింగాడు. మూడోది నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు సరిపోయిందా?"

తల ఊపాడు.

చెయ్యి కడుక్కునే వంకతో దొడ్లోకి వెళ్ళి, తూము పక్కన గోడ పట్టుకుని కూర్చుని, ఆ మూడు ముద్దలూ చప్పుడు లేకుండా కక్కేశాడు. తూములో ఫినాయిలు నురగ ఇంకా తెల్లగా ఉంది. చాలాసేపు లోపలికి చూశాడు. ఏదీ కదలలేదు. చెంబుతో నీళ్ళు పోసి కడిగేశాడు.

తమ్ముడు వచ్చాక మరదలు చెబుతుండడం వినబడింది. "తిన్నారు. మూడు ముద్దలైనా తిన్నారు. నేనే పెట్టాను."

"చెప్పలే? ఆకలైతే తనే వస్తాడని," అన్నాడు తమ్ముడు.

ఆయన తన గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇవాళే చెప్పాలనుకున్న తేదీ అలాగే దాటిపోయింది. ఇంకో తేదీ పెట్టుకోలేదు.

*

ఆ తరువాత ముప్ఫైనాలుగు రోజులు బతికాడు. చివరి తొమ్మిది రోజులు పెద్దాసుపత్రిలో. అక్కడ డాక్టరు తమ్ముడి మీద కేకలేశాడు, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని. తమ్ముడు భార్య వంక చూశాడు. ఆమె నేల చూసింది. మాట అప్పటికే ఆయనకు పూర్తిగా పోయింది. తేడా మాత్రం ఎవరికీ పెద్దగా తెలియలేదు. తెల్లవారుజామున, మరదలు మంచినీళ్ళు పట్టుకురావడానికి వెళ్ళినప్పుడు పోయాడు. వచ్చి చూసి, నిద్రపోతున్నాడనుకుని, గ్లాసు మీద మూత పెట్టి కూర్చుంది.

నెల తిరిగాక, మేతడబ్బా ఖాళీ అయి, తమ్ముడు దాన్ని కాగితం మీద బోర్లించి తట్టాడు. నాలుగు మడతల కాగితం కిందపడింది. విప్పి చదివాడు. రెండోసారి పైనుంచి చదివాడు.

"ఇటు రా," అన్నాడు భార్యని. "తేదీ చూడు. నువ్వా మాట అనడానికి పదిరోజుల ముందుది. ఆయన అలగలేదు. గొంతు అప్పటికే పోయింది."

ఆమె కాగితం అందుకుంది. ఇంగ్లీషు ఆమెకు రాదు. అంకెలు తెలుసు. అంకెల్నే చూస్తూ నిలబడింది. గుండెల మీద బరువు దిగాల్సింది. దిగలేదు.

"మరి ఆ గీతలేమిటి?" అంది.

తమ్ముడికి తెలియలేదు. అద్దం మూల బ్లేడు గీసిన గరుకు మాత్రం ఉంది. లోపల పదకొండు చేపలు మేత కోసం అద్దానికి మూతులు ఆనించి చూస్తున్నాయి. పన్నెండోది రాళ్ళ దగ్గరే ఉండిపోయింది. గొంతు కింద కొంచెం ఉబ్బుగా ఉంది. వాళ్ళిద్దరూ దాన్ని చూడలేదు.

కిటికీ గట్టు మీద గాజుసీసా అలాగే ఉంది. అదెందుకో ఆమెకు తెలియదు. ఆయన పెట్టుకున్నది కదా అని, నీళ్ళు తగ్గినప్పుడల్లా మగ్గుతో పోస్తుంది. అందులో ఒక రాయి, ఒక గొట్టం. పక్కనే ఒక కోడి ఈక. బుడగలు సన్నగా, వరసగా పైకి వస్తూ, ఖాళీ నీళ్ళని తిప్పుతున్నాయి.